చెక్క మోగకముందే

శిరివెళ్లలో బస్సు ఎక్కుతానని, నాకు పరుగు నేర్పిన డేవిడ్ సార్ మెసేజ్ పెట్టాడు. అంతే, ఒక్క ముక్క. ఆళ్లగడ్డ బస్టాండులో అయితే మా నాయన ఉంటాడు, నాయన చుట్టూ అంగడి వీధి సగం ఉంటుంది, దండ వేయాలో వద్దో తేలక దాన్ని సంచిలోనే పట్టుకుని ఒకరిద్దరు నిలబడి ఉంటారు. వాళ్ల మధ్య అడగలేని మాట అడగడానికి ఆయన ముందే ఎదురొస్తున్నాడు. ఎందుకు లేచినావు మా, అంటాడు. అదొక్కటే అడుగుతాడు. దానికి జవాబు నా దగ్గర ఉంది, ఈ భూమ్మీద నా ఒక్కదాని దగ్గరే ఉంది. అది చెబితే ఆయన పోతాడు, చెప్పకపోతే నేను పోతాను. నంద్యాల బస్టాండు దాటేలోపు ఏదో ఒకటి తేల్చుకుందామనుకున్నాను. బస్సు దాటింది, నేను తేల్చుకోలేదు. ఇంక శిరివెళ్ల దాకానే గడువు.

కారు తెస్తానని మా పెదనాయన కొడుకు ఓంప్రకాష్ అన్న పట్టుబట్టాడు, నేనే వద్దన్నాను. కారులో అయితే మాట్లాడాలి, బస్సులో మాట్లాడక్కర్లేదు, అదీ నా తెలివి. ఉచిత బస్సు వచ్చినప్పటి నుంచి ఈ దారిలో బస్సు నిండా ఆడవాళ్లే, సీటు దొరకడమే గొప్ప. కండక్టరు ఆధార్ అడిగితే బ్యాగులో చెయ్యి పెట్టాను, ముందు పాస్‌పోర్టే తగిలింది, ఇంకా కొత్త అట్ట వాసన పోలేదు దానికి. పక్కన కూర్చున్న పెద్దామె అది చూసింది, బ్యాగు చూసింది, వీపు మీద దేశం పేరున్న నా కోటు చూసింది. యాడికి పోయొస్తాండావు పాపా, అంది. పరుగు పందెం అవ్వా, వేరే దేశంలో, అన్నాను. గెలిచినావా, అంది. లేదన్నాను. పోనీలే, ఓడిపోతే ఏమాయె, అంది. ఓడిపోలేదు కూడా, అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది, ఎగతాళి చేస్తున్నాననుకుంది పాపం. పరిగెత్తలేదవ్వా, పరిగెత్తకముందే పక్కకు పొమ్మన్నారు, అన్నాను. మరి అంత దూరం దేనికి పోయినావు, అని ఆమె అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఢిల్లీలో కూడా ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. నేను కిటికీ వైపు తిరిగాను. నంద్యాల ఇంకా అయిపోలేదు, విత్తనాల అంగళ్లు, ట్రాక్టర్ల షోరూములు, ఎవరి పెళ్లిదో చిరిగిన ఫ్లెక్సీ.

అరవై మీటర్లు. మా అంగడి గడప నుంచి వీధి మలుపు దాకా అంత ఉంటుందేమో, ఉప్పు అయిపోయిందని అమ్మ తరిమితే చిన్నప్పుడు ఆ మాత్రం రోజూ ఉరికేదాన్ని. ఇండోరంటే ఏమిటో నాయనకు ఎన్నిసార్లు చెప్పినా, కప్పు కింద ఎందుకు పరిగెత్తాల, వానొస్తాదనా, అనేవాడు. వాన కాదు నాయనా, అక్కడ మంచు, బయట కాలు పెడితే ముక్కు రాలిపోతుంది, లోపల మాత్రం పెళ్లి మండపమంత వెలుగు. ట్రాక్ చివర గోడకు మందపాటి పరుపు నిలబెట్టి ఉంటుంది, గీత దాటాక ఆగడానికి చోటు చాలదు కాబట్టి అందరూ పోయి ఆ పరుపును గుద్దుకునే ఆగాలి. నేను కలగన్నది పతకం గురించి కాదు, నాకంత పిచ్చి లేదు, నా టైము నాకు తెలుసు. ఆ పరుపు గురించే కలగన్నాను. దాన్ని గుద్దుకోవాలి, అందులో మొహం పెట్టి ఆయాసపడాలి, పక్కన ఇంకో దేశం పిల్ల కూడా ఆయాసపడుతుంటే ఇద్దరం నవ్వుకోవాలి. ముందు రోజు ప్రాక్టీసులో కూడా దాని దాకా పోలేదు నేను, రేపు ఎట్లాగూ గుద్దుకుంటాను కదా అని దాచుకున్నాను. దాచుకోవడం మా కులంలోనే ఉంది అంటారు, నిజమేనేమో.

మా గ్రౌండులో నిశ్శబ్దమనేది ఎప్పుడూ లేదు. వాకింగుకొచ్చే రిటైరైన ఉద్యోగుల ఫోన్లలో భక్తి పాటలు, పాల బండ్లు, ఎనిమిదైతే చాలు రోడ్డు మీద రాయి కోసే మిషన్ల మోత. రాష్ట్రం మీట్లలో అయితే మైకులో ఒకాయన మంత్రి గారి రాక గురించి చెబుతూనే ఉంటాడు. ఆ హాలులో ఏం చేశారంటే, మేం వంగి బ్లాకుల్లో కాళ్లు పెట్టగానే పెద్ద తెర మీద పెదవులకు వేలు ఆనించిన బొమ్మ వేశారు. అన్ని వేలమంది చప్పున ఆగిపోయారు. అంత మంది కలిసి ఊరుకోవడం నేను పుట్టాక వినలేదు. వంటి మీద వెంట్రుకలు లేచాయి. సెట్ అన్నాడు. నడుము లేపాను. పక్క లేనులో పిల్ల, గోళ్లకు పసుప్పచ్చ రంగు వేసుకున్న పిల్ల, సన్నగా ఊపిరి లోపలికి లాక్కుంది. నేను వెళ్లిపోయాను. ఒకడుగు వేశాక తుపాకీ మోగింది, ఆ వెంటనే వెనక్కి పిలిచే రెండో మోత. ఒకాయన నా ముందుకొచ్చి ఎరుపూ నలుపూ కార్డు ఎత్తి పట్టుకున్నాడు, మర్యాదగానే, పేరంటానికి పిలిచినంత మర్యాదగా. పాతకాలంలో ఒకసారి క్షమించేవాళ్లంట. ఇప్పుడు లేదు, ఒక్కసారి ముందు కదిలితే అంతే. నేను గోడ పక్కన నిలబడ్డాను. మిగతావాళ్లు మళ్లీ వంగారు, మళ్లీ లేచారు, పోయి పరుపును గుద్దుకున్నారు, అయిపోయింది. నీళ్ల సీసా మూత తిప్పినంత సేపు కూడా పట్టలేదు. నా పేరు తెర మీద అందరి కిందా ఉంది, పేరు పక్కన టైము లేదు.

భయమన్నారు. వార్తల్లో ఒత్తిడి అని రాశారు, అది భయానికి చదువుకున్నవాళ్లు పెట్టుకున్న పేరు. భయమైతే నాకు తెలియదా. మొదటిసారి విమానం ఎక్కినప్పుడు భయపడ్డాను, ఆ ఊళ్లో లిఫ్టులో ఒక్కదాన్నే ఉండిపోయినప్పుడు భయపడ్డాను, బ్లాకుల్లో నేనెప్పుడూ భయపడలేదు. అక్కడ నాకు బుద్ధే ఉండదు, ఇంక భయమెక్కడ. నేను లేచింది భయంతో కాదు. పక్క పిల్ల లాగిన ఊపిరిలో డేవిడ్ సార్ ఊపిరి విని లేచాను.

ఇది ఎవరికి చెబితే నమ్ముతారు. సార్ దగ్గర తుపాకీ లేదు, కొనే దారీ లేదు, దాని లైసెన్సు గొడవ వేరే. రెండు చెక్క పలకలకు మడత బందు కొట్టించి తెచ్చాడు, రెండూ కలిపి కొడితే ఫట్‌మని గ్రౌండు అవతల గోడకు తగిలి తిరిగొస్తుంది. సెట్ అంటాడు, కొంచెం ఆగుతాడు, కొడతాడు. ఆ కొట్టడానికి చేతులు చాచాలి, చేతులు చాస్తే ఆయనకు ఊపిరి చాలదు, కాబట్టి కొట్టేముందు లోపలికి ఒకసారి లాగుతాడు. కుక్కరు కూత పెట్టేముందు సన్నగా ఒక సుయ్‌మనే చప్పుడు వస్తుంది చూడండి, అచ్చం అట్లా. ఇంట్లో ఎవరూ ఆ చప్పుడును వినాలని వినరు, కానీ అది రాగానే అమ్మ ముందే చెవులు మూసుకుంటుంది. నేనూ అంతే. తొమ్మిదో తరగతి నుంచి పొద్దున్నే, మిషన్లు మొదలు కాకముందు, ఆ సుయ్ విని లేచాను. చెక్క విని లేస్తున్నాననే అనుకున్నాను. ఆయనా అదే అనుకున్నాడు. మా గ్రౌండులో కాలు ఎప్పుడు కదిలిందో చెప్పే మిషను లేదు, ఆయన కంటికి చెక్కా నా కాలూ ఒక్కటే, మెరుపు మాదిరి లేస్తాండావు మా, అనేవాడు. ఆ మాట కోసం నేను ఇంకా ముందు లేచేదాన్ని. బయట మీట్లకు పోతే మాత్రం నా లేవడం చచ్చుగా ఉండేది, మైకుల గోలలో ఏ ఊపిరీ వినపడదు కదా, తుపాకీ మోగాక గానీ కదిలేదాన్ని కాదు. మధ్యలో అందుకునేదాన్ని. ఈడ అంత బాగా లేసేదానివి ఆడ ఏమైతాది నీకు, అని ఆయన తల పట్టుకునేవాడు. ఇద్దరం ఎన్నో ఏళ్లు తల పట్టుకున్నాం. జవాబు ఆయన ఎదలోనే ఉంది, అది ఆ హాలులో, కార్డు ఎత్తినాయన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డప్పుడే నాకు తట్టింది. నవ్వొచ్చింది నాకు, నిజంగా నవ్వొచ్చింది, టీవీలో ఆ నవ్వు పడింది కూడా. సిగ్గు లేదు దీనికి అని ఎవరో రాశారు ఆ వీడియో కింద.

ఎడమ పక్క నల్లమల మొదలైంది. పొగ రంగులో ఉంది, ఈ కాలంలో ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. శనగ కోసేసిన చేలు, మధ్యలో ఒకరిద్దరు పరిగె ఏరుకుంటున్నారు. పెద్దామె కునుకు తీస్తోంది, నా భుజం మీదికి ఒరిగింది, ఒరిగితే ఒరగనీ.

ఆ ఊపిరి ఆయనకు ఊరికే రాలేదు. వాళ్ల నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలకు నునుపు పట్టేవాడు. ఆదివారం చర్చి, మిగతా రోజులు వినాయకుళ్లూ వెంకటేశ్వరస్వాములూ. డేవిడ్ సార్ బడి అయిపోగానే పోయి ఆయన పక్కన కూర్చుని రుద్దేవాడంట, వేళ్ల మధ్య సందులు, కిరీటం అంచులు, పిల్లల చేతులు పట్టే చోట్లన్నీ ఆయనవే. వ్యాయామం టీచరు ఉద్యోగం వచ్చేదాకా ఆ రాతి దుమ్ములోనే పెరిగాడు. ఇప్పటికీ బస్సు ఆళ్లగడ్డలోకి వస్తుంటే రోడ్డు పక్కన సగం చెక్కిన బొమ్మలు కనపడతాయి, వాటి వెనక తెల్లటి మనుషులు కనపడతారు, కనురెప్పల దాకా తెలుపు. మా నాయన అంగడిలో వాళ్లకు ఉలులు అమ్ముతాడు, సుత్తెలు అమ్ముతాడు, కోత చక్రాలు అమ్ముతాడు. ముక్కుకు కట్టుకునే మాస్కులు కూడా మేకుకు వేలాడుతుంటాయి, అవి మాత్రం ఎవరూ కొనరు, ఊపిరాడదప్పా వాటితో, అంటారు. నాయన కూడా బలవంతం చేయడు. నంద్యాలలో డాక్టరు మా సార్ ఎక్స్‌రే చూసి, ఏం పని చేసేవాడివప్పా నువ్వు, అని అడిగాడంట. పిల్లోళ్లను పరిగెత్తిస్తాను అన్నాడంట సార్. దానికి ముందు, అన్నాడంట డాక్టరు. అంతే, ఆ తర్వాత ఏం చెప్పాడో సార్ ఎవరికీ చెప్పలేదు, పీల్చే మందు ఒకటి జేబులో పెట్టుకుని మరుసటి పొద్దున గ్రౌండుకు వచ్చేశాడు.

మరి ఇప్పుడేమని చెప్పను. సార్, మీ జబ్బు విని నేను లేచాను సార్, అననా. మీరు పన్నెండేళ్ల వయసులో పీల్చిన దుమ్ము నన్ను పక్కకు నిలబెట్టింది సార్, అననా. కోపం లేదని కాదు. ఉంది. హోటలు గదిలో దిండును పట్టుకుని ఆయన్ను తిట్టాను, ఒకసారి కాదు. మీ జబ్బు మీ దగ్గర పెట్టుకోక నా కాళ్లకు ఎందుకు అంటగట్టారు, అన్నాను. ఆ తర్వాత దిండులోనే క్షమాపణ చెప్పాను, దానికీ దీనికీ ఏం ఉపయోగం లేదు. అసలు చిక్కు వేరే ఉంది. జాతీయ శిబిరం కోచ్ విమానాశ్రయంలో నన్ను పక్కకు పిలిచాడు, మంచాయనే, తిట్టలేదు. నువ్వెందుకు లేచావో నాకు తెలియాలి, నీ మాట కాదు, నీకు నేర్పినాయన మాట కావాలి, మీ సార్‌ను నాకు ఫోన్ చేయమను, ఆయన చెప్పే కారణాన్ని బట్టి వేసవి శిబిరానికి పిలవాలా వద్దా అన్నది, అన్నాడు. ఆ శిబిరంలో మిషను ఉంటుంది, తుపాకీ ఉంటుంది, ఊపిరి లాగని స్టార్టరు ఉంటాడు. ఒక ఎండాకాలం చాలు నాకు, నా చెవిని మార్చుకుంటాను, మార్చుకోగలను, ఇది జబ్బు కాదు అలవాటు. సార్ ఒక్క మాట చెబితే చాలు, పిల్లకు నా ఊపిరి అలవాటైందప్పా, అని. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలంటే ముందు నేను ఆయనకు చెప్పాలి.

ఇంట్లో అయితే నాకు ఇదే ఆఖరు. నాయన చెడ్డవాడు కాదు. అందరూ కలిసి అంగడిలో పెద్ద టీవీ పెట్టించుకుని చూశారంట, కోత చక్రాలు పక్కకు జరిపి కుర్చీలు వేశారంట, అమ్మ అందరికీ బొరుగుల ఉగ్గాని చేసి పంపిందంట. నేను గోడ పక్కన నిలబడ్డది చూసి ఎవరికీ అర్థం కాలేదు. ఆ రోజు ఫోన్లో నాయన అన్నాడు, ఏందమ్మా, అంగడి తెరిచి బోణీ కాకముందే షట్టరు దించినట్టుందే. తర్వాత తనే, సర్లే, వచ్చేయ్, ఇంక చాల్లే, అన్నాడు. కసిరి చెప్పి ఉంటే కొట్లాడేదాన్ని. ఆయన మెల్లగా చెప్పాడు. మా ఇంట్లో మెల్లగా చెప్పినవే జరుగుతాయి. శిబిరం పిలిస్తే తప్ప నేను మళ్లీ ఆ గ్రౌండు గేటు దాటను, కౌంటరు వెనక కూర్చుని ఉలులు ఇస్తాను, ఏ సైజప్పా అని అడుగుతాను. ఆడపిల్ల మేకులమ్మడం మా వీధిలో కొత్తేం కాదు, మా మేనత్త అమ్మింది, నవ్వుతూనే అమ్మింది.

నిన్న సువార్తమ్మక్క ఫోన్ చేసింది. డేవిడ్ సార్ భార్య, ఎప్పుడూ నాకు ఫోన్ చేసే మనిషి కాదు. పాపా, మీ సారు అన్నం తినడం లే, అంది. ఆ ఫోను కండ్ల కాడ పెట్టుకోని నువ్వు లేసిందే మళ్లీ మళ్లీ చూస్తాండాడు, నేనేమన్నా తప్పు నేర్పినానా సువార్తా, అని నన్నడుగుతాడు, నాకేం తెలుస్తాది పాపా. డాక్టరు పోవద్దన్నా గ్రౌండుకు పోతాండాడు, ఆ చెక్క చేతిలో లేకపోతే ఆ మనిషి ఉండడు, నాకు తెలుసు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు, నీ తప్పేం లేదు సార్ అని, అంతే చాలు. సరే అక్కా, అన్నాను. సరే అనేశాను, ఇంకేమంటాను. ఆమె ఏడ్చింది, నేను ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాను, నాకు ఏడుపు విని ఓర్చుకోవడం చేతకాదు.

నిజం చెప్పాలి. ఆయన నాకు నేర్పిందే అది, అడుగు తప్పితే తప్పిందని చెప్పు, కప్పిపెట్టొద్దు, కప్పిపెడితే నేను దిద్దలేను, అంటాడు రోజూ. కాబట్టి చెప్తాను. మెల్లగా మొదలుపెడతాను, సార్ ఆ హాలు చాలా నిశ్శబ్దంగా ఉంది సార్, అంటాను, పక్క పిల్ల ఊపిరి వినపడింది సార్, అంటాను, మిగతాది ఆయనే అందుకుంటాడు, తెలివైనవాడు. అందుకుంటాడు కదా, అదే భయం. ఒక్క క్షణంలో అందుకుంటాడు. ముందు నన్ను చూస్తాడు, తర్వాత తన ఎద మీద చెయ్యి పెట్టుకుంటాడు, ఆ చెయ్యి నాకు ఇప్పుడే కనపడుతోంది, మణికట్టు దగ్గర రాయి గీసిన పాత మచ్చ. నేనే చెడగొట్టినానా మా, అంటాడు. దానికి నేను ఏమనాలి. అవును సార్, కానీ పర్వాలేదు సార్, అనాలా. చెప్పకూడదు. చెప్పకపోతే మేకులు. చెప్పాలి. ఆయనేం పసిపిల్లాడా, చెప్పాలి, ఇది నా జీవితం, ఒక్కటే ఉంది. బస్సు నెమ్మదించింది. పెద్దామె లేచి కూర్చుని, శిరివెళ్లొచ్చిందా, అంది. వచ్చిందవ్వా, అన్నాను.

ఆయన టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, మెడలో ఈల. ఈల ఎందుకు వేసుకొచ్చాడో, గ్రౌండు నుంచి నేరుగా వచ్చాడేమో, లేక అలవాటుగా వేసుకున్నాడేమో. మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. వెనక నుంచి ఎవరో, బేగా ఎక్కప్పా, అన్నారు, నాకు లేచి వాళ్లను కొట్టాలనిపించింది. పెద్దామె ఆయన్ను చూసి ఏమనుకుందో, రా అప్పా, నువ్వు కూర్చో, నేను ముందర కూర్చుంటా, అని లేచిపోయింది. ఆయన నా పక్కన కూర్చున్నాడు. మాట్లాడే ఓపిక రావాలి ముందు. బస్సు కదిలింది. ఆయన మాట కోసం ఊపిరి లాగాడు. సీటు కింద నా మడమ దానంతటదే లేచింది, నేను చేత్తో మోకాలు అదిమి పట్టుకున్నాను.

"అన్నం తిన్నావా మా?"

"తిన్నా సార్."

"చిక్కిపోయినావు." కిటికీలోంచి బయటికి చూశాడు. "అది మెల్లగా తిప్పి తిప్పి చూసినా, చానాసార్లు. నీ కాలు కదిలేటప్పటికి ఏ మోతా లేదు. ఏమన్నా విన్నావా నువ్వు?"

ఇదే అడిగాడు. ఎందుకు లేచినావు అని అడుగుతాడనుకున్నాను, ఏమన్నా విన్నావా అని అడిగాడు. తలుపు ఆయనే తీసి పట్టుకున్నాడు, నేను లోపలికి అడుగు పెట్టడమే మిగిలింది. విన్నాను సార్, అంటే చాలు. నాలుక మీదికి వచ్చింది కూడా. నేను ఆయన వైపు చూశాను. కళ్ల కింద నల్లగా ఉంది, గడ్డం సరిగ్గా గీసుకోలేదు, ఒక పక్క తెల్లటి కుచ్చు వదిలేశాడు. తప్పు చేసిన పిల్లల్లాగా రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"లేదు సార్."

"నేను నేర్పిన దాంట్లో ఏమన్నా తప్పుంటే చెప్పు మా. దాచొద్దు. నిద్ర పట్టడం లే నాకు."

"మీ తప్పేం లేదు సార్. బెదురు పుట్టింది. అంతమందిని చూసి బెదిరిపోయినా."

ఆయన భుజాలు దిగాయి. కళ్లారా చూశాను, చొక్కా లోపల ఏదో బరువు జారినట్టు దిగాయి. జేబులోంచి మందు తీసి పీల్చుకుని, తల సీటుకు ఆనించాడు. నాకు సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు, ఆ ఒక్క నిమిషం నిజంగానే వేసింది. ఆయనకు మంచి చేశాననుకున్నాను. పొలాలు పోతున్నాయి, మొక్కజొన్న, తర్వాత మళ్లీ మొక్కజొన్న. ఇంక ఇంటికి పోయి స్నానం చేసి పడుకోవచ్చనుకున్నాను.

"శిబిరం ఆయప్పే ముందుగా నాకు ఫోన్ చేసినాడు, నిన్న" అన్నాడు కళ్లు మూసుకునే. "పాప వచ్చినాక అడిగి చెప్తానంటి. నేనేమనుకున్నా తెల్సా. నా తప్పే అయితే బాగుండు అనుకున్నా. నా తప్పయితే ఆయప్పకు చెప్పేసి, నిన్ను ఆడికి పంపి, నేను చెక్క పక్కన పడేద్దామనుకున్నా. సువార్తకు కూడా చెప్పలే. ఆ మాటకు తయారయ్యే వచ్చినా."

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన కళ్లు తెరవలేదు.

"కాలు తప్పయితే దిద్దొచ్చు. చెవి తప్పయితే దిద్దొచ్చు. బెదురును యాడ దిద్దేది మా. ఆయప్ప కూడా అదే అన్నాడు, బెదురైతే వద్దులే సార్ అన్నాడు."

"సార్" అన్నాను.

"ఊరుకో. తప్పు కాదు అది, అందరికీ ఉంటాది. మీ నాయనతో నేను మాట్లాడతాలే, ఏమీ అనొద్దని చెప్తా." చెయ్యి చాచి నా తల మీద పెట్టాడు, కొంచెం సేపు ఉంచాడు. ఇప్పుడు చెప్పినా ఆయన నమ్మడు. తన తప్పే అయితే బాగుండు అన్నందుకు అబద్ధమాడుతున్నాననుకుంటాడు, శిబిరం కోసం నేను ఏదో కల్పించానని శిబిరం ఆయన అనుకుంటాడు. నోట్లో మాట అట్లాగే ఉంది. రోడ్డు పక్కన మొదటి బొమ్మలు కనపడ్డాయి, వాటి ముందు ఎవరో బకెట్టుతో నీళ్లు చల్లుతున్నారు.

"నా మనవరాలు జెస్సీ లేదూ" అన్నాడు సార్. ఇంతసేపటికి ఆయన గొంతులో ప్రాణం వచ్చింది. "నువ్వు పోయినప్పటి నుంచి దాన్ని పొద్దున్నే బ్లాకుల్లో కూర్చోబెడతాండా. భయమనేది లేదు దానికి. నీకంటే బాగా లేస్తాంది మా. నా చెక్క మోగకముందే కాలు గాల్లో ఉంటాది."

"మంచిది సార్" అన్నాను.

బస్సు ఆళ్లగడ్డ బస్టాండులోకి తిరిగింది. మా నాయన కుడిపక్క నిలబడి, కిటికీల్లోకి ఒక్కొక్కదాంట్లో చూసుకుంటూ వస్తున్నాడు.